ఎగుడుదిగుడు గోడ

మా బావకి గోడలతో తగువు. మనుషులతో కాదు, మనుషులతో ఆయనకి ఏనాడూ మాట పట్టింపు లేదు. వాళ్ల ఇంటి వెనక గదిలో నాలుగు గోడలున్నాయే, వాటితో. రెండేళ్లకు పైగా నడిచింది ఆ తగువు. అది ఎలా మొదలై ఎలా ముగిసిందో చెప్పాలంటే ముందు ఆయన పని గురించి చెప్పాలి. చెప్పకపోతే మీరు కూడా వీధిలో వాళ్లలాగే ఆయనకి పిచ్చెక్కిందనుకుంటారు. అలా అన్నవాళ్లతో నేను గొడవపడ్డాను కూడా.

బావ పనిచేసేది రేకుల ఫ్యాక్టరీలో. రంగు డబ్బాల మూతలు, నూనె డబ్బాల అడుగులు అక్కడ ప్రెస్సుల మీద కొడతారు. ఒక్కో దెబ్బకి నేల అదిరి, ఆ అదురు చెప్పుల్లోంచి మోకాళ్ల దాకా పాకుతుంది. నేనొకసారి ఆయనకి క్యారేజీ ఇవ్వడానికి వెళ్లి గుమ్మం దగ్గరే చెవులు మూసుకున్నాను. బావ మాత్రం ఆ మోత మధ్యలో తల కాస్త పక్కకి వంచి నిలబడి ఉన్నాడు. దెబ్బ వింటున్నాడట. అచ్చు అంచు అరిగితే దెబ్బ చివర చిన్న చీలిక వస్తుందట. వచ్చిందని ఆయన చెయ్యెత్తితే మిషన్ ఆపేవాళ్లు, అచ్చు విప్పితే నిజంగానే అరిగి ఉండేది. అందుకే అక్కడ ఆయన పేరు చెవి మేస్త్రీ. చెవుల్లో పెట్టుకోమని కంపెనీవాళ్లు పసుపుపచ్చ స్పాంజి బిరడాలు దారం కట్టి మరీ ఇచ్చారు. బావ వాటిని మెడలో వేసుకునేవాడు.

"చెవులు మూసుకుంటే ఇంక నేను చేసే పనేముందిరా? కళ్లకి గంతలు కట్టి బండి తోలమన్నట్టుంది," అనేవాడు.

అలా చెవులు మూసుకోకుండానే పాతికేళ్లు పైనే తోలాడు.

పగలంతా ఆ మోత విన్నవాడు ఇంటికొచ్చి ఏం చేయాలి? నిశ్శబ్దంగా పడుకోవాలి. మా బావ పాటలు వినేవాడు. వెనక గదిలో పాత సామాన్లన్నీ తీయించి, ఒక రికార్డు ప్లేయరు, తనే బిగించుకున్న ఆంప్లిఫైయరు, నిలువెత్తు స్పీకర్లు రెండు పెట్టాడు. ఆ స్పీకర్ల పెట్టెలకి చెక్క ఇచ్చింది నేనే. నేను కలప డిపోలో కొలతలు వేసే ఉద్యోగిని. బావమరిది బతక కోరతాడు, దాయాది చావ కోరతాడు అంటారు కదా, ఆ సామెతకి తగ్గట్టు డిపోలో మంచి ముక్క కనపడితే చాలు, ఆయన కోసం పక్కన పెట్టేవాణ్ణి. గదికి సరిగ్గా మధ్యలో ఒక పేము కుర్చీ. దాని నాలుగు కాళ్ల కింద నేల మీద సుద్దముక్కతో గుర్తులు. ఆ కుర్చీ అంగుళం జరిగితే ఇంట్లో ప్రళయం. అందులో ఇంకెవరూ కూర్చోకూడదు, మా అక్క కూడా. నా చోటు తలుపు పక్కన ఒక స్టూలు. రోజూ కాకపోయినా వారంలో మూడు నాలుగు సాయంత్రాలు అక్కడే గడిపేవాణ్ణి. నాకు పాటల గురించి ఏమీ తెలియదు. బావ పక్కన కూర్చోవడం ఇష్టం, అంతే.

ఆయనకి ప్రాణమైన రికార్డు ఒకటి ఉంది. ఒకావిడ పాడిన పాట. పాట అయిపోయాక, ఆవిడ గొంతు పూర్తిగా ఆగిపోయాక, వెనక ఎవరో ఒకే ఒక్కసారి మువ్వలు కదిలిస్తారు. చిన్న చప్పుడు. అది వచ్చేదాకా బావ ఊపిరి బిగబట్టి, వచ్చాక "ఆహా" అని వదిలేవాడు. ఒక సాయంత్రం పాట అయిపోయింది, ముల్లు గీతల్లో ఖాళీగా తిరుగుతోంది, బావ ఇంకా ఎదురుచూస్తూనే ఉన్నాడు.

"మువ్వలేవిరా?" అన్నాడు.

"వచ్చాయిగా బావా."

"ఎక్కడొచ్చాయి?"

మళ్లీ పెట్టాడు. మళ్లీ వచ్చాయి నాకు. ఆయనకి రాలేదు. ముల్లు అరిగిందన్నాడు. కొత్త ముల్లు తెచ్చాడు, మువ్వలు రాలేదు. వైర్లు మార్చాడు, ఆంప్లిఫైయరు విప్పి బల్లనిండా పరిచాడు, స్పీకర్లలో పైన, సన్నటి శబ్దాలు పలికే చిన్న గుండ్రాలు రెండూ మార్పించాడు. ఎన్ని చేసినా ఆ చప్పుడు మాత్రం ఆయన దగ్గరికి రాలేదు. నేను చూస్తూ చూస్తూ ఉండలేక, "బావా, నాకు ప్రతిసారీ వినపడుతోంది," అన్నాను.

"నువ్వు తలుపు దగ్గర కూర్చున్నావు. అక్కడ బానే ఉంటుంది. కుర్చీ దగ్గరికొచ్చేసరికి చచ్చిపోతోంది. ఇది గదిలో జబ్బు," అన్నాడు, దొంగ దొరికాడన్నంత సంబరంగా.

ఆ జబ్బేమిటో నాకు చూపించాడు. గది మధ్యలో నిలబడి ఒక్కసారి చప్పట్లు కొట్టాడు. నిజమే, చప్పట్లు ఆగినా గోడల మధ్య ఏదో టరటరమని కాసేపు కొట్టుకుంది. నున్నటి గోడకి బంతి కొడితే నేరుగా మొహం మీదికి వచ్చినట్టు, శబ్దం కూడా వెనక గోడకి తగిలి నేరుగా తిరిగొచ్చి, ముందు నుంచి వచ్చే శబ్దాన్ని పాడుచేస్తుందట. గోడ నున్నగా లేకుండా, రకరకాల లోతులున్న అరలతో ఎగుడుదిగుడుగా ఉంటే ఆ శబ్దం తలో ముక్కా తలో వైపుకి చెదిరిపోతుందట. అలాంటి చెక్క చట్రాన్ని డిఫ్యూజర్ అంటారట. కొనాలంటే మన తరం కాదు కాబట్టి చేసుకోవాలట. ఇవన్నీ ఫోన్లో చూసి నేర్చుకున్నాడు. ఆయన చెబుతుంటే నాకు నమ్మకం కలిగింది. చప్పట్లు నేను కూడా విన్నాను కదా!

ఇక మొదలైంది పని. డిపోలో మిగిలిన చిత్రిక పట్టిన ముక్కలు, సన్నటి ప్లైవుడ్ పట్టీలు నేను తేవడం, ఆయన కోయడం. ఒక్కో చట్రానికి నిలువుగా ఏడు అరలు, అరకీ అరకీ మధ్య పలచటి పట్టీ. లోతులు మన ఇష్టం కాదు. సున్నా నుంచి ఆరు దాకా ఒక్కో అంకెనీ దానితోనే హెచ్చవేసి, ఏడుతో భాగిస్తే మిగిలే శేషం ఎంతో ఆ అర లోతు అంత. సున్నా, ఒకటి, నాలుగు, రెండు, రెండు, నాలుగు, ఒకటి. చిన్నప్పుడు లెక్కల మాస్టారు చేతిలో తన్నులు తిన్నప్పుడు శేషానికి ఇంత పని ఉంటుందని ఎవడికి తెలుసు?

మొదటి చట్రం నేనే చెడగొట్టాను. బావ డ్యూటీలో ఉండగా జిగురు పూసి అరలు అతికించే పని నాకు అప్పజెప్పాడు. కోసిపెట్టిన ముక్కల్ని చూశాను. చిన్నది, దానికన్నా పెద్దది, ఇంకా పెద్దది అని వరసగా పేర్చి, మెట్లలాగా ముచ్చటగా అతికించాను. చూడటానికి ఎంత బాగుందో! బావ వచ్చి చూసి, చెప్పులు కూడా విప్పకుండా ఆ చట్రాన్ని మోకాలికి ఆనించి ఫట్‌మని విరిచాడు.

"ఇది మెట్లు కాదురా వెధవా, గోడ! దీన్ని చూసి కళ్లు సంతోషించాలా, చెవులు సంతోషించాలా?"

"పొద్దున్నుంచీ నడుం పడిపోయేలా చేశాను. నోటితో చెబితే పోయేదానికి మోకాలు దాకా ఎందుకు బావా?" అని నేనూ అరిచాను. అన్నం తినకుండా వచ్చేశాను. మూడో రోజు తనే డిపోకి వచ్చి, నా బల్ల మీద వేడి వేడి టీ పెట్టి, "పద, పట్టీలు అయిపోయాయి," అన్నాడు. క్షమించమనే అలవాటు ఆయనకి లేదు. పట్టీలు ఎత్తుకుని వెళ్లాను.

అక్కకి ఇదంతా ఒళ్లుమంట. "పావురాల్లేని గూళ్లు" అని పేరు పెట్టింది వాటికి. రంపపు పొట్టు కూరలో పడుతోందని ఒక గొడవ, ఆ అరల్లో దుమ్ము ఎవరు తుడుస్తారని ఇంకో గొడవ. ఎదురింటావిడ కోడిగుడ్ల అట్టలు గోడకి అంటిస్తే చాలని చెప్పిందట, ఆ మాట అక్క తెచ్చి బావకి చెప్పింది. బావ మొహం చూడాలి. తిట్టినా అంత నొచ్చుకునేవాడు కాదు.

వెనక గోడ నిండింది. చప్పట్లు కొట్టాడు. నిజం చెప్పొద్దూ, ఆ టరటర పోయింది. చప్పట్లు మెత్తగా, గుండ్రంగా వచ్చి గదిలో కలిసిపోయాయి. బావ నా వైపు చూసి చిన్నపిల్లాడిలా నవ్వాడు. తర్వాత రికార్డు పెట్టాడు. పాట అయింది. నాకు మువ్వలు వినపడ్డాయి, ఇదివరకటికన్నా బాగా. ఆయన కళ్లు మూసుకుని కూర్చుని, కూర్చుని, "పక్క గోడలు కూడా చేయాలి," అన్నాడు.

అప్పటిదాకా నేను కూడా గదినే నమ్మాను. చప్పట్లలో అంత తేడా విన్నవాడికి మువ్వలు ఎందుకు వినపడలేదు?

అక్కకి అప్పటికే తెలుసు. ఒక ఆదివారం మధ్యాహ్నం వంటింట్లోంచి భోజనానికి పిలిచింది. మేమిద్దరం వసారాలో పట్టీలకి గరుకు కాగితం రుద్దుతున్నాం. రెండోసారి పిలిచింది. మూడోసారి గరిటె పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది.

"చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు ఎంతసేపు..." అని, అంతలోనే నాలిక కరుచుకుంది.

ఆ మాట బావకి వినపడింది. గరుకు కాగితం కింద పెట్టాడు. అక్క గరిటె పక్కన పెట్టి ఆయనకి ఎదురుగా కింద కూర్చుంది.

"ఏవండీ, కోపం తెచ్చుకోకండి. కుక్కరు కూత మీకు వినపడట్లేదు. గుమ్మంలో బెల్లు వినపడట్లేదు. ఆడపిల్ల ఎవరైనా మాట్లాడితే మూతి వంక చూస్తున్నారు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు ఆ గోడలనంటే ఏం లాభం? ఒక్కసారి చెవి చూపించుకోండి."

"నా చెవికేం? ఫ్యాక్టరీలో ఇన్ని మిషన్లు నా చెవి మీద నడుస్తున్నాయి."

"నా తృప్తి కోసం."

బావ చాలాసేపు పట్టీని వేళ్ల మధ్య తిప్పాడు. "సరే. ముందు గది సంగతి తేలనీ. గది పూర్తిగా బాగుపడ్డాక కూడా కుర్చీలో మువ్వలు వినపడకపోతే అప్పుడు చూపించుకుంటా. ఒట్టు," అన్నాడు.

అక్క మొహం తేటపడింది. పిచ్చిది! గది బాగుపడిందని చెప్పాల్సింది ఎవరు? ఆయనే. పక్క గోడలయ్యాయి, తర్వాత మూలలన్నాడు. మూలలయ్యాయి, పైకప్పన్నాడు. పైకప్పుకి ఈ అరలు కుదరవని, చిన్నా పెద్దా చెక్క దిమ్మలు వందల కొద్దీ కోసి పలకల మీద అతికించే ఇంకో రకం మొదలుపెట్టాడు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లు. గది ఎప్పటికీ పూర్తికాకుండా చూసుకుంటున్నాడని నాకు అర్థమైంది. అర్థమై కూడా దిమ్మలు కోసిచ్చాను. ఏం చేయను? ఆయనకి ఆస్తులు అక్కర్లేదు, ప్రమోషన్లు అక్కర్లేదు. ఆ చెవులు బాగానే ఉన్నాయన్న ఒక్క మాట చాలు. చెవి మేస్త్రీకి చెవులే లేవంటే ఫ్యాక్టరీలో తల పక్కకి వంచి నిలబడే ఆ మనిషి ఎవరు? ఆ భయం ఆయనది. దాన్ని చూస్తుంటే నాకు ఏడుపొచ్చేది, వెంటనే కోపమొచ్చేది.

తర్వాత ఫ్యాక్టరీలో ట్రాలీ ఆయన కాలి మీదికి ఎక్కింది. రేకుల కట్టలు మోసే బండి. బొటనవేలి గోరు ఊడిపోయింది, అంతటితో పోయింది. కట్టు కట్టుకుని వచ్చి, "ఆ బండి హారన్ పనిచేయట్లేదు, రిపేరు చేయించరు వెధవలు," అన్నాడు. నేను మర్నాడు ఫ్యాక్టరీకి వెళ్లి ఆ ట్రాలీ డ్రైవర్ని పట్టుకున్నాను. అతను హారన్ నొక్కాడు. సన్నగా, సూదిలా కీచుమంది. నేను అదిరిపడ్డాను.

"నాలుగుసార్లు కొట్టానండీ. కదల్లేదు. మేస్త్రీ గారు కదా, పక్కకి తప్పుకుంటారులే అనుకున్నా," అన్నాడతను కళ్లనీళ్లతో.

కందకు లేని దురద కత్తిపీటకెందుకు అని ఊరుకునే స్వభావం నాది కాదు. ఇవాళ బొటనవేలు, రేపు మనిషి. మా డిపోకి తలుపు చెక్క కోసం వచ్చే రికార్డింగ్ స్టూడియో ఇంజనీరు ఒకాయన ఉన్నాడు. బావ సంగతేమీ చెప్పకుండా, మా బావ ఇంట్లో ఒక గది కట్టుకున్నాడు, మీరొకసారి చూసి ఎలా ఉందో చెప్పాలని అడిగాను. ఆయన సరదాపడి ఒప్పుకున్నాడు. బావకి చెబితే ఆయన ఇంకా సరదాపడ్డాడు. "రానీ! ఆ మూల దగ్గర తేడా ఉందని నేను అంటూనే ఉన్నాగా. కొలిచి చెబుతాడు," అన్నాడు. తప్పు గదిదేనని ఆయన అంతగా నమ్మాడు. లేక నమ్మకం కాదో, అదే ఆఖరి ఆశో.

ఇంజనీరు సెలవురోజు పొద్దున్నే వచ్చాడు. గదిలో అడుగుపెట్టి, చుట్టూ చూసి, చప్పట్లు కొట్టాడు. కుర్చీ తీసి, సరిగ్గా అది ఉన్న చోట, మనిషి చెవి ఎత్తులో ఒక సన్నటి మైకు నిలబెట్టాడు. తన కంప్యూటరు నుంచి స్పీకర్లలోకి ఒక శబ్దం పంపాడు. అడుగునెక్కడో హుమ్‌మని మొదలై, మెల్లగా పైకి పైకి ఎక్కుతూ ఈలలా మారే శబ్దం. అది ఎక్కుతోంది. కీచుగా మారుతోంది. నా పళ్లు జివ్వుమంటున్నాయి.

"అయిపోయిందా?" అన్నాడు బావ.

ఈల ఇంకా ఎక్కుతూనే ఉంది. అక్క గుమ్మంలో చెవులు మూసుకుని నిలబడి ఉంది. ఇంజనీరు కంప్యూటరులో తలదూర్చి ఉన్నాడు, బావ మాట పట్టించుకోలేదు. నేను గోడ వైపు తిరిగిపోయాను.

ఇంజనీరు కంప్యూటరు ఇటు తిప్పి చూపించాడు. ఒక గీత, ఎడమవైపు హుమ్ నుంచి కుడివైపు ఈల దాకా దాదాపు సమంగా పోయింది. "ఇళ్లల్లో ఇంత మంచి గది నేను చూళ్లేదండీ. ఎవరు చేశారివి? మీరేనా?" అన్నాడు.

"మూల దగ్గర ఏదో ఉందనుకుంటున్నా," అన్నాడు బావ.

"ఏమీ లేదండీ. ఒక పాట వినొచ్చా?"

బావ తన చేతులతోనే కుర్చీ తెచ్చి గుర్తుల మీద పెట్టాడు. ఇంజనీర్ని అందులో కూర్చోబెట్టాడు. ఆ రికార్డే వేశాడు. పాట నడిచినంతసేపూ బావ ధ్యాస పాట మీద లేదు, ఆ ఇంజనీరు మొహం వంకే చూస్తూ నిలబడ్డాడు. పాట అయింది. ఒక్క క్షణం. ఇంజనీరు కనుబొమలు పైకి లేచాయి.

"అబ్బ! ఆ చివర మువ్వలు! చెవి పక్కనే మోగించినట్టున్నాయండీ."

"కుర్చీలోకి వచ్చాయా?"

"రాకపోవడమేమిటండీ, ఎంత స్పష్టంగా వచ్చాయో! మా స్టూడియోకి కూడా ఇలాంటివి చేసిపెడతారా? మీ గది బ్రహ్మాండంగా ఉంది."

ఒక మనిషి చేసిన పనిని అంతకన్నా బాగా ఎవరు మెచ్చుకుంటారు? బావ నవ్వాడు. ఆయనకి మంచినీళ్లిచ్చి, చట్రాలు ఎలా చేశాడో ఓపిగ్గా చెప్పి, గేటు దాకా వెళ్లి సాగనంపాడు. తిరిగొచ్చి కుర్చీలో కూర్చోలేదు. తలుపు పక్కన నా స్టూలు మీద కూర్చున్నాడు.

"ఎప్పుడు వెళ్దాం?" అన్నాడు అక్కతో.

ఆ ఆదివారం నుంచీ ఆ మాట కోసమే ఎదురుచూసింది అక్క. తీరా ఆయన అన్నాక గోడకి చేరగిలబడి ఏడ్చింది.

చెవి పరీక్ష చేసే చోట ఒక చిన్న అద్దాల గది ఉంది, లోపలంతా స్పాంజి. బావని అందులో కూర్చోబెట్టి, చెవులకి హెడ్‌ఫోన్ తగిలించి, చేతికి ఒక మీట ఇచ్చారు. శబ్దం వినపడినప్పుడల్లా నొక్కాలి, ఇటువైపు దీపం వెలుగుతుంది. పరీక్ష చేసే అమ్మాయి ఇవతల తన పెట్టె మీటలు తిప్పడం మొదలుపెట్టింది. మొదట్లో దీపం టకటకా వెలిగింది. తర్వాత ఆగి ఆగి వెలిగింది. తర్వాత ఆ అమ్మాయి మీట తిప్పుతూనే ఉంది, దీపం వెలగలేదు. లోపల బావ బొటనవేలు మీట మీద సిద్ధంగా పెట్టుకుని, తల కాస్త పక్కకి వంచి, ఎంతో శ్రద్ధగా వింటున్నాడు. అక్కడ వినడానికి ఉందని ఇవతల మాకు తెలుసు. ఆయనకి తెలియదు. అక్క నా చెయ్యి పట్టుకుని నొక్కేసింది, గోళ్లు దిగాయి.

ఆ అమ్మాయి చీటీ తెచ్చి బల్ల మీద పెట్టింది. ఇక్కడా ఒక గీతే. సగం దాకా సమంగా వచ్చి, కుడివైపుకి వెళ్లేసరికి కొండ మీంచి జారినట్టు కిందికి జారిపోయింది. ఎవరూ విడమరిచి చెప్పనవసరం లేకపోయింది. గీతలు చదవడం బావకి వచ్చు.

"ఇలాంటి స్పీకరు వస్తే మార్చేయమంటాను నేను," అన్నాడు.

ఆ అమ్మాయికి నవ్వాలో వద్దో తెలియలేదు. "మీరు పనిచేసే చోట చప్పుడు ఎక్కువా అంకుల్?" అని అడిగింది.

"ఎక్కువే."

"చెవుల్లో ఏమైనా పెట్టుకునేవారా?"

"మెడలో ఉండేవి," అన్నాడు బావ.

మందులేమైనా ఉన్నాయా అని అక్క అడిగింది. లేవంది. పోయిన భాగం తిరిగి రాదంది. చెవికి మిషన్ పెట్టుకుంటే మాటలు బాగా అర్థమవుతాయని, పాటలు మాత్రం పూర్తిగా మునుపటిలా ఉండవని, ఇంకా పోకుండా ఫ్యాక్టరీలో ఆ విభాగం నుంచి వెంటనే మారిపోవాలని చెప్పింది. మంచి పిల్ల, మెల్లగా చెప్పింది. మెల్లగా చెప్పడం వల్ల బావ రెండుసార్లు "ఆఁ?" అన్నాడు.

బస్సులో నాకు ఎవరి మీదో తెలియని కోపం. ఫ్యాక్టరీ మీద, ఆ పసుపు బిరడాల మీద, రెండేళ్లు ఆయన చేతికి చెక్కముక్కలు అందించిన నా చేతుల మీద. ఇంటికి రాగానే బావ తిన్నగా వెనక గదిలోకి నడిచాడు. ఆ చట్రాలన్నీ పీకి పారేస్తాడేమోనని భయపడి నేనూ వెనకే పరిగెత్తాను. పీకలేదు. మధ్యలో నిలబడి నాలుగు గోడలూ చూసుకున్నాడు. చూసుకుని, "ఏమే, ఇలా రా. వచ్చి కూర్చో," అని అక్కని పిలిచాడు.

"ఎక్కడ?"

"కుర్చీలో."

అక్క చీరకి చేతులు తుడుచుకుంది. కూర్చుంది గానీ అంచు మీద, ఎప్పుడు లేవమంటాడో అన్నట్టు. బావ వంగి ఆమె చెవి ఎత్తు చూశాడు, స్పీకరు పైనుండే గుండ్రం చూశాడు. అక్క పొట్టిది. దుప్పటి తెచ్చి మడతపెట్టి కుర్చీలో వేసి, దాని మీద కూర్చోమన్నాడు. మళ్లీ చూశాడు. ఇంకో మడత వేశాడు. తృప్తిపడ్డాక రికార్డు తుడిచి ముల్లు దించి, అక్కడే ప్లేయరు దగ్గర, మా వైపు వీపు పెట్టి నిలబడ్డాడు.

పాట మొదలైంది. అన్నేళ్లూ ఆ పాట అక్కకి వంటింట్లోకి గోడ అవతలి నుంచి వచ్చిన పాటే. ఇప్పుడు ఎదురుగా ఆవిడెవరో వచ్చి నిలబడి పాడుతున్నట్టుంది. అక్క మెల్లగా వెనక్కి వాలింది. ఒళ్లో చేతులు కదలడం మానేశాయి. నోరు కొద్దిగా తెరుచుకుంది. కళ్లల్లోంచి నీళ్లు కారుతుంటే తుడుచుకోవడం కూడా మర్చిపోయింది. మా అక్క మొహం అంత నెమ్మదిగా ఉండగా నేను చూడటం అదే మొదలు.

"ఇంత బాగుంటుందనుకోలేదండీ," అంది.

బావ కదల్లేదు. తిరుగుతున్న రికార్డునే చూస్తున్నాడు.

"ఏవండీ. చాలా బాగుంది," అంది ఇంకోసారి, కొంచెం గట్టిగా.

బావ కదల్లేదు. అక్క నా వంక చూసింది. నేనేం చేయను? ఆమె చెప్పాల్సిన మాట నేనెలా చెప్పను? అక్క కుర్చీలో ముందుకి వంగి, గొంతు చించుకుని అరిచింది. "బాగుందండీ! మీరు చేసింది చాలా బాగుందీ!"

వీధిలో ఎవరైనా విని ఉంటే మొగుడూ పెళ్లాలు తిట్టుకుంటున్నారనుకుని ఉంటారు. బావ ఉలిక్కిపడి వెనక్కి తిరిగాడు.

"ఏమైంది? ఎందుకే అరుస్తావు, పాట పాడవుతోంది," అన్నాడు.

అక్క ఇంక మాట్లాడలేదు. ఆయనకి కనపడేలా తల పెద్దగా ఊపింది.